బిందెలో నీళ్లున్నాయా?
క్యారెక్టర్ యానిమేషన్, రిగ్గింగ్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థి ఏడాది పని



వార్షికోత్సవానికి మహదేవపూర్ వచ్చిన ప్రతిసారీ హాస్టల్ తమ్ముళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కార్టూన్ బొమ్మల పనిల చేరాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్వాలె?" మేమిద్దరం ఈ హాస్టల్లోనే చదివి, హైదరాబాదులో ఈ పని మీదే బతుకుతున్నవాళ్లం. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ తర్వాత ఏం చెయ్యాలన్నదే అసలు సంగతి. సంపాదక వర్గం వ్యాసం రాయమన్నప్పుడు, మన హాస్టల్లోనే ఉండి ఇంటర్ పూర్తి చేసి, ఏడాదిగా ఈ విద్య నేర్చుకుంటున్న ఒక తమ్ముడి పనిని మీ ముందు పెడితే మేలనిపించింది. అతను ఒప్పుకున్నాడు గానీ పేరు మాత్రం వద్దన్నాడు. "పని అయినంక వేద్దాం తియ్యన్నా" అన్నాడు. కాబట్టి ఈ వ్యాసంలో అతను విద్యార్థి మాత్రమే.

ముందుగా మాటల అర్థం తెలుసుకుందాం. కదలని బొమ్మలను వరుసగా చూపించి, అవి కదులుతున్నాయని కంటిని నమ్మించడం యానిమేషన్. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు మన కళ్ల ముందు నుంచి పోతాయి. ఒక్కో బొమ్మను ఫ్రేము అంటారు. గాలికి ఆకు ఊగినట్టు చూపడం కూడా యానిమేషనే. అయితే ఆకు ఆలోచించదు. ఒక పాత్ర తానే ఆలోచించి, తానే నిర్ణయించుకుని కదిలినట్టు చేయగలిగితే అది క్యారెక్టర్ యానిమేషన్. ఆ పాత్ర కదలడానికి వీలుగా లోపల ఎముకలు, కీళ్లు అమర్చి, పట్టుకుని తిప్పేందుకు పైన పిడులు పెట్టే పనిని రిగ్గింగ్ అంటారు. ఆ పిడులనే కంట్రోల్స్ అంటాం.

ఈ రెండు పనులూ మన నేలకు కొత్తవి కావు. జనగామ, తొర్రూరు వైపు చిందు కళాకారుల కుటుంబాలు దారాలతో ఆడించే కొయ్యబొమ్మలను చూసినవాళ్లకు రిగ్గింగ్ గురించి సగం తెలిసినట్టే. రాయలసీమలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. అక్కడ తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలుచగా గీకి, తల, మొండెం, చేతులు, కాళ్లు వేరువేరుగా కోసి, కీలు ఉండాల్సిన చోట దారం ముడితో కలుపుతారు. ముడి బిగుసుకుంటే చెయ్యి లేవదు. వదులైతే వేలాడుతుంది. మోచేతి ముడి ఒక అంగుళం కిందికి పడిందంటే ఆ బొమ్మ ఎన్నాళ్లాడినా పొట్టి ముంజేతితోనే ఆడాలి. కంప్యూటర్ బొమ్మలో ఎముక పెట్టేటప్పుడు కూడా లెక్క ఇంతే.

ఒక్క తేడా మాత్రం ఉంది. తోలుబొమ్మ కట్టినవాళ్లే ఆడిస్తారు కాబట్టి లోపం ఎక్కడుందో వాళ్ల చేతికే తెలుస్తుంది. పెద్ద స్టూడియోలలో రిగ్గర్ ఒకరు, యానిమేటర్ ఇంకొకరు. 1995లో వచ్చిన టాయ్ స్టోరీ సినిమాలో వుడీ అనే బొమ్మకు 700కు పైగా కంట్రోల్స్ పెట్టారు. అందులో 200కు పైగా ఒక్క ముఖానికే. అన్ని పిడులు ఒకరు తయారుచేస్తే, వాటితో నటింపజేసింది వేరేవాళ్లు. మన విద్యార్థికి అటువంటి సౌకర్యం లేదు కనుక రెండు పనులూ తనే నేర్చుకోవాల్సి వచ్చింది. అది అతనికి మేలే చేసిందని మా అభిప్రాయం.

పైసా పెట్టని పనిముట్టు

అతని దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ కంప్యూటర్. 8 జీబీ ర్యామ్. అందులో బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాడు. దీని కథ తెలుసుకోదగ్గది. బ్లెండర్‌ను తయారుచేసిన కంపెనీ 2002లో మూతపడింది. అప్పుడు దాన్ని మొదలుపెట్టిన టోన్ రూసెండాల్ అనే డచ్ ఆయన, లక్ష యూరోలు పోగైతే ఈ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేయవచ్చని ప్రజలను చందా అడిగాడు. ఏడు వారాల్లో ఆ సొమ్ము వచ్చింది. అప్పటినుంచి ఎవరైనా పైసా కట్టకుండా, దొంగ కాపీ అన్న భయం లేకుండా వాడుకోవచ్చు. పిల్లి కథతో లాత్వియా దేశంలో తీసిన ఫ్లో అనే సినిమాను బ్లెండర్‌లోనే చేశారు. దానికి 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. లాత్వియా దేశం జనాభా మన హైదరాబాద్ జనాభాలో నాలుగో వంతు కూడా ఉండదు. స్టూడియోలలో ఎక్కువగా వాడే మాయ సాఫ్ట్‌వేర్‌ను కూడా అర్హత ఉన్న విద్యార్థులకు దాని కంపెనీ ఉచితంగానే ఇస్తుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనలేక ఆగిపోయామన్న మాట ఇక చెల్లదు. కంప్యూటర్, కరెంటు, కాలం మాత్రం ఇప్పటికీ కొనాల్సినవే.

కాలం విషయంలోనే విద్యార్థికి పెద్ద చిక్కుంది. బాపు వ్యవసాయ కూలీ. కొడుకు ఐటీఐ చేసి భూపాలపల్లి సింగరేణిలో ఏదైనా పని చూసుకుంటే చాలన్నది ఆయన ఆశ. అందులో తప్పేముంది! ఇంట్లో చాలా మాటలయ్యాక ఒక ఏడాది గడువిచ్చాడు. ఆ గడువు ఈ జూన్‌తో అయిపోతుంది.

కత్తి వద్దు, బంతి పట్టు

మొదట అతను మాకు పంపింది 12 సెకన్ల కత్తియుద్ధం. బొమ్మ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన రెడీమేడ్ రిగ్. వీరుడు ఎగిరాడు, తిరిగాడు, నరికాడు. చూడ్డానికి హుషారుగానే ఉంది. అయితే నిలబడ్డ పాదం నేల మీద జారుతోంది, కత్తి అట్టముక్కలా ఊగుతోంది, దెబ్బ తిన్నవాడు దెబ్బ తగలకముందే పడిపోతున్నాడు. దాన్ని పక్కన పెట్టి, ముందు రెండు బంతులు కిందపడేలా చేసి చూపించమన్నాం. ఒకటి రబ్బరు బంతి, ఇంకొకటి షాట్‌పుట్ గుండు. పాపం, చిన్నబుచ్చుకున్నాడు.

నాలుగు రోజులకు చేసి పంపాడు. అందులో గుండు గబుక్కున పడింది, బంతి మెల్లగా పడింది. బరువైనది వేగంగా పడుతుందని మనందరికీ లోపల ఒక నమ్మకం ఉంటుంది. తొమ్మిదో తరగతి ఫిజిక్స్‌లో కాదని చదువుకున్నా ఆ నమ్మకం పోదు. హాస్టల్ గ్రౌండ్‌లో రెండూ ఒకే ఎత్తునుంచి వదిలి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టమన్నాం.

మీరూ లెక్క వేసి చూడండి. ఒక మీటరు ఎత్తునుంచి వస్తువు పడటానికి సుమారు 0.45 సెకన్లు పడుతుంది. అంటే సెకనుకు 24 చొప్పున సుమారు 11 ఫ్రేములు. గుండుకూ అంతే, బంతికీ అంతే. ఎత్తు నాలుగు మీటర్లు చేస్తే ఫ్రేములు నాలుగింతలు కావు, రెండింతలే అవుతాయి, అంటే 22. ఇంకో సంగతి చూడండి. వదిలిన తర్వాత మొదటి ఫ్రేములో వస్తువు ఒక సెంటీమీటరు కూడా దిగదు. నేలను తాకే ముందు ఒక్క ఫ్రేములోనే సుమారు 17 సెంటీమీటర్లు దిగుతుంది. ఈ దూరాల పంపకాన్నే స్పేసింగ్ అంటారు. మొత్తం ఎన్ని ఫ్రేములన్నది టైమింగ్. కొత్తవాళ్లు టైమింగ్ పట్టుకుంటారు, స్పేసింగ్ వదిలేస్తారు. అందుకే వాళ్ల బంతులు దారానికి కట్టి దించినట్టు కిందికొస్తాయి.

మరి గాలిలో ఒకేలా పడితే ఏది బరువో చూసేవాడికి తెలిసేదెలా? నేలను తాకిన తర్వాత తెలుస్తుంది. బంతి ఎగురుతుంది, ప్రతిసారీ ముందుకన్నా తక్కువ ఎత్తుకు ఎగురుతుంది. గుండు మట్టిలో దిగబడి, కొద్దిగా దొర్లి ఆగిపోతుంది. అంటే బరువు ఆ వస్తువులో కనబడదు. అది తగిలిన చోట, మోసిన చోట కనబడుతుంది. ఈ ఒక్క మాట అర్థం కావడానికి విద్యార్థికి నెల పట్టింది. ఆ తర్వాత మేము చెప్పాల్సినవి బాగా తగ్గిపోయాయి. డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ఒక పుస్తకం రాసి అందులో యానిమేషన్‌కు 12 సూత్రాలు చెప్పారు. ఇంటర్నెట్‌లో ఆ పన్నెండూ ఎక్కడైనా దొరుకుతాయి కనుక ఇక్కడ ఏకరువు పెట్టడం లేదు. వాటిలో చాలావరకు ఈ బరువు చుట్టూనే తిరుగుతాయి.

బిందె

తర్వాత ఇచ్చిన పని ఇదీ. ఒక ఆడమనిషి నల్లా గద్దె మీదున్న స్టీలు బిందెను ఎత్తి నడుము మీద పెట్టుకుని, గద్దె దిగి, ఆరడుగులు నడవాలి. ఇదే రెండుసార్లు చేయాలి. ఒకసారి బిందె ఖాళీగా, ఒకసారి నిండుగా. నీళ్లు చూపించకూడదు, చప్పుడు పెట్టకూడదు. చూసేవాళ్లు ఒంటి కదలికను బట్టే ఏది నిండు బిందెనో చెప్పాలి.

అతను మొదట చేసింది అందరూ చేసేదే. ఖాళీ బిందె కదలికనే నిండు బిందెకు పెట్టి నెమ్మది చేశాడు. నెమ్మదైతే బరువవుతుందా? చూస్తే ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. మీ ఇంట్లో చూసి రా అని పంపాం.

వాళ్ల అమ్మ పొద్దున్నే నీళ్లు పట్టే వేళకు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె నవ్వి, "గీ నీళ్లు మోసుడు గూడ సదువేనా బిడ్డా?" అన్నదట. మళ్లీ ఎత్తమంటే పాపం మళ్లీ ఎత్తింది. పక్కనుంచి ఒకసారి, ముందునుంచి ఒకసారి. ఆ వీడియోలను ఒక్కో ఫ్రేము ఆపి చూసి నోట్‌బుక్కులో రాసుకున్నవి మాకు చూపించాడు. అవి మా మాటల్లో చెబుతున్నాం.

ఖాళీ బిందె దగ్గరికి పోయేటప్పుడు ఆమె కాళ్లు ఆగవు. నడుస్తూనే వంగి, రెండు వేళ్లతో అంచు పట్టుకుని లాగేస్తుంది. చూపు అప్పటికే ఇంటివైపు తిరిగిపోయింది. నిండు బిందె దగ్గర ముందు ఆగుతుంది. పాదాలు ఎడం చేస్తుంది. కొంగు దోపుకుంటుంది. మోకాళ్లు వంచుతుంది. ఎత్తే ముందు ఒంట్లో ఒక చిన్న దిగుడు ఉంటుంది, దాన్నే పుస్తకాల్లో యాంటిసిపేషన్ అంటారు, మనం సన్నాహం అనుకోవచ్చు. బిందె నేరుగా నడుముకు రాదు. ముందు తొడ మీదికి వస్తుంది, అక్కడ లిప్తపాటు ఆగుతుంది, అక్కడినుంచి ఒక ఊపుతో నడుముకు ఎక్కుతుంది. ఎక్కిన వెంటనే నడుము బిందె కిందికి జరుగుతుంది, ఛాతీ అవతలి పక్కకు ఒరుగుతుంది, ఖాళీ చెయ్యి దూరంగా చాపుకుంటుంది. నడిచేటప్పుడు అడుగులు చిన్నవవుతాయి. తల మాత్రం ఎక్కువగా పైకీ కిందికీ ఊగదు. ఎందుకంటే ఊగితే నీళ్లు తొణుకుతాయి!

ఇందులో ఒక్కటైనా సాఫ్ట్‌వేర్ చెప్పేది కాదు. పట్నంలో వేలకు వేలు ఫీజు కట్టి నేర్చుకునే పిల్లలు బరువు అంటే ఏమిటో చూడ్డానికి జిమ్ వీడియోలు వెతుక్కుంటారు. మన పిల్లలకు ఆ అవసరం లేదు. 45 కిలోల యూరియా బస్తా ఎంత చిన్నగా ఉంటుందో, ఎత్తితే ఎంత బరువుంటుందో మనకు తెలుసు. దానికన్నా ఎంతో పెద్దగా కనబడే పత్తిమూటను మన అక్కలు నెత్తిన పెట్టుకుని మాట్లాడుకుంటూ పోతారు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, గోదావరి కలిసే చోట పడవ తోసేవాళ్లను చూడండి, లేదా మన ఊళ్లోనే దసలి పట్టు నేసే మగ్గం ముందు కూర్చున్న మనిషి పాదాలను ఒక గంట చూడండి. చూడటమైతే మనకు ఉచితం. గొప్పలకు చెప్పడం లేదు, ఇది నిజంగా ఈ పనికి పెట్టుబడి.

ఎముకలు పెట్టిన కథ

చూసినదంతా చేయబోతే రెడీమేడ్ రిగ్ ఎదురు తిరిగింది. దాని వెన్నులో రెండే ఎముకలు. నడుము ఒక పక్కకు, ఛాతీ ఇంకో పక్కకు పోవాలంటే మధ్యలో మొండెం కాగితం మడత పడ్డట్టు పడుతోంది. అప్పుడు మేము వద్దన్నా వినకుండా సొంత రిగ్ చేస్తానన్నాడు. మూడు నెలలు దాని మీదే పోయాయి. గడువు పెట్టుకున్నవాడికి మూడు నెలలంటే మాటలు కాదు.

చదివేవాళ్లకు ఒక చిన్న పరీక్ష. ఎడమచెయ్యి తీసి కుడివైపు కాలర్ ఎముక మీద పెట్టుకోండి. ఇప్పుడు కుడిచెయ్యి పూర్తిగా పైకెత్తండి. ఎముక కదిలింది కదా! చెయ్యెత్తడమంటే భుజం కీలు ఒక్కటే తిరగడం కాదు, కాలర్ ఎముక, వెనకాల రెక్క ఎముక కూడా వెంట వస్తాయి. ఆ ఎముకను రిగ్‌లో పెట్టకపోతే చెయ్యెత్తిన బొమ్మకు భుజం దగ్గర గుంట పడుతుంది. విద్యార్థి బొమ్మకు అదే జరిగింది. ఎముక పెట్టాక పోయింది.

మోకాలు, మోచెయ్యి సరిగ్గా తిన్నగా పెట్టకూడదు. కొంచెం వంపుతో పెడితేనే ఏ వైపు మడవాలో కంప్యూటర్‌కు తెలుస్తుంది. లేకపోతే కొంగ కాలులా వెనక్కి మడిచేస్తుంది. మొదటి రోజు అలాగే మడిస్తే గదిలో తమ్ముళ్లంతా పగలబడి నవ్వారట.

ఆ తర్వాత చర్మం. బొమ్మ చర్మం మీద వేల చుక్కలుంటాయి. ఏ చుక్క ఏ ఎముకతో ఎంత కదలాలో చెప్పడం వెయిట్ పెయింటింగ్. మోచేతి మీది చుక్క సగం పై ఎముకకు, సగం కింది ఎముకకు చెందుతుంది. మొత్తం కలిపితే ఒకటి కావాలి. ఇద్దరన్నదమ్ముల మధ్య పొలం పంచినట్టు అన్నమాట. పంపకం సరిగ్గా లేకపోతే మోచెయ్యి మడిచినప్పుడు తాటాకు గొట్టంలా నొక్కుకుపోతుంది. మణికట్టు దగ్గర ఇంకో తిప్పలు. అరచెయ్యి పైకి కిందికి తిప్పి చూడండి, మణికట్టుతోపాటు ముంజెయ్యి అంతా మోచేతి దాకా కొద్దికొద్దిగా మెలితిరుగుతుంది. ఒక్క మణికట్టునే తిప్పితే చాక్లెట్ కాగితం మెలిపెట్టినట్టవుతుంది. అందుకని ముంజేతిలో అదనంగా మెలిక ఎముకలు పెట్టాలి.

ఇక ఎఫ్‌కే, ఐకే. ఈ రెండు మాటలు విని తమ్ముళ్లు భయపడతారు గానీ తోలుబొమ్మతో చెప్తే తేలిక. బొమ్మ చేతిని భుజం దగ్గర తిప్పి, తర్వాత మోచెయ్యి, తర్వాత మణికట్టు ఇలా వరుసగా తిప్పితే అది ఎఫ్‌కే. అలా కాకుండా బొమ్మ అరచేతికి పుల్ల కట్టి పుల్లను కదిపితే మోచెయ్యి, భుజం వాటంతటవే సర్దుకుంటాయి. అది ఐకే. మన తోలుబొమ్మలవాళ్లు ఆడించేది ఐకేతోనే, ఆ పేరు పుట్టకముందు నుంచీ! నేల మీద ఆనిన పాదానికి ఐకే కావాలి, లేకపోతే జారుతుంది. గాలిలో ఊగే ఖాళీ చేతికి ఎఫ్‌కే అందంగా ఉంటుంది.

బిందె దగ్గర అసలు చిక్కు వచ్చింది. బిందె చేతితో కదలాలా, చెయ్యి బిందెతో కదలాలా? ఎత్తేటప్పుడు బిందె చేతిని అనుసరిస్తుంది. నడుము మీదికి చేరాక బిందె బరువు నడుముది, చెయ్యి ఊరికే కాపలా. అంటే అప్పుడు బిందెను నడుము ఎముకకు కట్టి, చేతిని బిందెకు కట్టాలి. ఒకే షాట్‌లో బిందెకు యజమాని మూడుసార్లు మారింది. మొదట గద్దె, తర్వాత చెయ్యి, తర్వాత తొడ, ఆఖరుకు నడుము. మారిన ప్రతి ఫ్రేములో బిందె ఎగిరి దూకకుండా చూసుకోవడానికి వారం పట్టింది. ఈ పని చేసినప్పుడే అతను రిగ్గర్ అయ్యాడని మాకనిపించింది.

చీరకు గుడ్డ కదలికను లెక్కగట్టే పద్ధతి ఉంది గానీ అతని కంప్యూటర్ దాన్ని మోయలేకపోయింది. కుచ్చిళ్లకు, కొంగుకు విడిగా ఎముకలు పెట్టి చేత్తోనే కదిపాడు.

మన హైదరాబాదు బొమ్మలు

ఇంతలో అతనికి రెండు పనులు చూడమని చెప్పాం. రెండూ హైదరాబాదులో పుట్టినవే. ఒకటి 2012లో వచ్చిన రాజమౌళి గారి ఈగ. ఈగ బొమ్మ పనిని హైదరాబాదులోని మకుట సంస్థ చేసింది. ఈగకు కనుబొమ్మలుండవు, రెప్పలుండవు, తలలో ఎక్కువ భాగం కళ్లే. కోపం, పంతం, ప్రేమ దేంతో చూపిస్తారు? కాళ్లతో, తల వంపుతో, ఆగి తిరిగే తీరుతో చూపించారు. ముఖం లేకపోయినా శరీరం మాట్లాడుతుందనడానికి మన భాషలో ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఆ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు వచ్చింది.

రెండోది మైటీ లిటిల్ భీమ్. 2001లో రాజీవ్ చిలక గారు స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ఛోటా భీమ్ తెచ్చింది, 2019లో ఈ పసివాడి భీమ్‌ను నెట్‌ఫ్లిక్స్‌కు చేసింది. పసివాడు మాటలాడడు. పెద్ద తల, పొట్టి కాళ్లు, ఎప్పుడు పడిపోతాడో తెలియని నడక. చప్పుడు ఆపేసి చూసినా కథ అర్థమవుతుంది. మన తమ్ముళ్లు దీన్ని చూసి నవ్వి ఊరుకోకుండా, వాడు లేచి నిలబడేటప్పుడు ఏ చెయ్యి ముందు నేలకు ఆనిందో గమనించాలి.

చూసి చెప్పినవాళ్లు

రెండు బిందెల షాట్లను ఒక రాత్రి స్టడీ అవర్ అయ్యాక హాస్టల్లో చూపించాం. ఏ బిందెలో నీళ్లున్నాయని అడిగితే మొదటిసారి పిల్లలు తలో మాటా చెప్పారు. నెల తర్వాత సరిచేసిన షాట్లు చూపిస్తే దాదాపు అందరూ సరిగ్గా చెప్పారు. వెనకాల నిలబడి చూస్తున్న వంట అక్క మాత్రం, "నీళ్లున్నయ్ గని బిడ్డా, చెయ్యి తప్పు. నిండిన బిందెను గట్ల అంచు పట్టుకుంటే జారుతది. మెడ సుట్టు చెయ్యేసి ఒత్తుకోవాలె" అన్నది. మేము ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాం. మాకంటే ముందు ఆమె కనిపెట్టింది. విద్యార్థి ఆ రాత్రే చెయ్యి మార్చాడు. మారిస్తే భుజం పైకి లేవాల్సి వచ్చింది, కష్టపడి పెట్టిన కాలర్ ఎముక అప్పుడు అక్కరకొచ్చింది.

దాచకుండా చెప్పవలసినవి

ఈ రంగం గురించి తీపి మాటలే చెప్పడం మాకిష్టం లేదు. లైఫ్ ఆఫ్ పై సినిమాలో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ గెలిచింది. పని గొప్పగా ఉన్నంత మాత్రాన ఉద్యోగం నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రాజెక్టు ఉంటే రాత్రీ పగలూ పని, లేకుంటే ఇంట్లో. ఇప్పుడు మాటల్లో అడిగితే వీడియో తయారుచేసే ఏఐ పనిముట్లు కూడా వచ్చాయి. చిన్న చిన్న పనులు వాటికి పోతున్నాయి. అయితే నిండు బిందెకు చెయ్యి ఎక్కడ ఉండాలో చెప్పి, తప్పుంటే సరిచేయించగల మనిషికి ఇంకా పని ఉందన్నది మేము రోజూ చూస్తున్నదే.

ఫీజుల విషయం జాగ్రత్త. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి లక్షలు అడిగే చోట అప్పు చేసి చేరొద్దు. డిగ్రీగా చదవాలనుకుంటే హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది. ఇంటర్ తర్వాత ఎంట్రన్స్ రాసి చేరాలి. అందులో బొమ్మలు గీయడం పరీక్షిస్తారు. కాబట్టి కంప్యూటర్ లేని తమ్ముళ్లు కూడా పెన్సిల్, కాగితంతో ఈ రోజే మొదలుపెట్టవచ్చు. అహ్మదాబాద్‌లోని ఎన్ఐడీలో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, దానికి దేశమంతా పోటీ పడతారు. ఏ కాలేజీలో చేరినా, చేరకముందే ఆ కోర్సుకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తాయో రావో ఈపాస్‌లో చూసుకోండి, వార్డెన్ సారును అడగండి. నెలల కోర్సులకు సాధారణంగా రావు.

విద్యార్థి ఇప్పుడు షో రీల్ కూర్చుతున్నాడు. షో రీల్ అంటే స్టూడియోలకు పంపే పని నమూనా. నిమిషం లోపే ఉండాలి, అన్నిటికన్నా మంచి ముక్క మొదట ఉండాలి. అతని రీల్ 38 సెకన్లు వచ్చింది. రెండు బిందెల షాట్లు మొదట పెట్టాడు. తర్వాత రిగ్ ఎలా పనిచేస్తుందో చూపే ముక్క, ఆఖరుకు బంతి, గుండు. కత్తియుద్ధం తీసేశాడు. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్‌కు కూడా దరఖాస్తు పెట్టుకుంటున్నాడు. వాళ్ల బాపు పోయిన వారం ఫోన్‌లో ఆ రీల్ చూశాడట. ఏమీ అనలేదట గానీ, ఇంకోసారి పెట్టమన్నాడట.

నిండు బిందె షాట్‌లో ఆమె గద్దె దిగే చోట ఎడమ పాదం నాలుగు ఫ్రేముల పాటు ఇంకా జారుతోంది. ఈ సంచిక ప్రెస్సుకు వెళ్లే నాటికి అతను దాని మీదే కూర్చుని ఉన్నాడు.